గుల్లబారిన గుట్ట

నాకు నోరెక్కువని మా మిల్లులో అందరూ అంటారు. అననివ్వండి. ఆ రోజు పనికొచ్చింది ఆ నోరే.

రంగూన్ రేవు పక్క బియ్యం మిల్లులో నాది ఊడ్పు పని. మా ఆయన చంద్రరావు గంపలు మోసే జట్టుకు పాటగాడు. ఆయన పాట ఎత్తితే మిగతా పదకొండు మందీ వంత పాడుతూ ఒకే అడుగు వేస్తారు. పాట నడిచినంతసేపూ ఆకాశం విరిగిపడినా పని ఆగదు. దిగుడు పాట ఎత్తితేనే గంపలు దించి కిందికి వస్తారు. పాటగాడు అందరికన్నా ఆఖరున దిగాలి. అది జట్టు కట్టుబాటు.

మాఘమాసంలో కాలం కాని కాలంలో వాన కొట్టింది. రేకుల సందుల్లోంచి నీళ్లు కారి, మూడు నిలువుల ధాన్యం గుట్ట పైన తడిసి, ఎండి, అట్టు కట్టింది. లోపల ధాన్యం మాత్రం పొడిపొడిగానే ఉంది. పొగ ఓడ నింపే తొందరలో మేస్త్రీ కనకరాజు మూడు రోజులు అడుగు నుంచే తోడించాడు. ఇప్పుడు జట్టును పైకెక్కించి అట్టు పగలగొట్టి గంపలకెత్తమన్నాడు.

నాకెందుకో అనుమానం వేసి, గుట్ట అంచు ఎక్కి వెదురు కర్రతో పొడిచాను. మూరెడు దాకా గట్టిగా ఉంది. ఆ తర్వాత కర్ర సర్రున లోపలికి పోయింది. లోపలంతా గుల్ల! తలెత్తి చూస్తే అట్టుకు అడ్డంగా నెర్రె కనిపించింది. అందరి అడుగూ ఒక్కసారి పడినప్పుడల్లా లోపల ‘భుం’ మంటోంది, నెర్రె ఇంకాస్త విచ్చుకుంటోంది.

“మావా! దిగిపోండర్రా! గుట్ట గుల్లయిపోనాది!”

పాట హోరులో ఎవరికి వినబడుతుంది? విన్నది జట్టులోని అచ్చెన్న ఒక్కడే. వాడు పళ్లికిలించాడు. “సంద్రన్నా, నీ పెళ్లాం కూటికి పిలుస్తంది!”

అందరూ నవ్వారు. అడుగు మాత్రం ఆపలేదు.

“ఏటే నీ గోల? ఎల్లి ఊడుసుకో!” అని మేస్త్రీ నా మీదికి వచ్చాడు.

ఒళ్లు మండిపోయింది. కర్ర విసిరికొట్టి, కిందికి దూకి, గొంతు చించుకుని దిగుడు పాట ఎత్తాను. ఆడది ఆ పాట ఎత్తడం రేవులో ఎవరూ ఎరగరు. మా ఆయన పాట టక్కున ఆగింది. మొహం కందగడ్డయింది. ఇక తిడతాడనుకున్నాను. ఆయన కాళ్ల కింది నెర్రె చూశాడు, నన్ను చూశాడు. అంతే, నా పాటే రెండో చరణం నుంచి అందుకున్నాడు!

అలవాటంటే అలవాటే. ఎవరూ ఎందుకని అడగలేదు. గంపలు దించి, ఒక్కొక్కరే అంచు వెంట దిగసాగారు. నలుగురు... ఏడుగురు... పదిమంది...

“నువ్వూ దిగు మావా! పాట తగలెయ్యి!” అని ఏడుస్తూనే తిట్టాను. ఆయన కదలకుండా నిలబడి పాడుతూనే ఉన్నాడు.

పదకొండోవాడు అచ్చెన్న కాలు నేలకు ఆనింది. అట్టు పెళ్లున విరిగింది. గుట్టంతా ఒక్క ఉదుటున జారి వచ్చింది. దుమ్ములో ఎవరికి ఎవరూ కనబడలేదు. పాట వినబడలేదు.

“పైకెక్కకండర్రా, మళ్లీ జారతాది! పక్కల్నించి, సేతుల్తో తియ్యండి!”

ఈసారి అందరూ నా మాట విన్నారు. మేస్త్రీ కూడా మోకాళ్ల మీద కూలబడి తోడాడు. అచ్చెన్న చేతికి ముందుగా మా ఆయన జుట్టు తగిలింది.

బయటికి లాగాం. ముక్కు నిండా, నోటి నిండా ధాన్యం. వీపు మీద గుద్దాను, మళ్లీ మళ్లీ గుద్దాను. దగ్గాడు, ఉమ్మాడు, ఊపిరి తీశాడు. కళ్లు తెరవకుండానే అడిగాడు.

“అందరూ దిగీసారా?”

“దిగీసారు మావా. ఆఖరోడివి నువ్వే,” అన్నాను. పదకొండు మంది మగాళ్లు చూస్తుండగానే ఆయన తల ఒళ్లో పెట్టుకుని భోరున ఏడ్చాను.