నేలమీది గాలి

ఆసుపత్రి నుంచి అక్క నేరుగా తమ్ముడి ఆఫీసుకే వచ్చింది. ఒంటి మీద ఇంకా పనిబట్టలే, మోచేతి దగ్గర రక్తపు మరక. ఆమె ఎత్తైన కట్టడాల దగ్గర క్రేను నడుపుతుంది. తమ్ముడు వాతావరణ కేంద్రంలో రోజూ సూచన రాస్తాడు.

"పొద్దున ఏం రాశావురా?" అంది గుమ్మంలోనే.

"గాలి మామూలుగానే ఉంటుందని... ఏమైందక్కా?"

"ఇనుప చువ్వల కట్ట పైకి లేపాను. సగం దూరం వెళ్లిందో లేదో, ఒక్క గాలి విసురుకి గిర్రున తిరిగింది. క్రేను మీద హెచ్చరిక గంట మోగేసరికే వెళ్లి మా పొట్టి మేస్త్రీని కొట్టింది. రెండు కాళ్లూ నుజ్జు."

తమ్ముడు కంప్యూటర్లో ఉదయపు లెక్కలు తెరిచాడు. నేల దగ్గర గాలి తక్కువే. అదే పట్టికలో, అక్క కూర్చునే క్రేను గది ఉండే ఎత్తున, దాదాపు మూడింతలు.

అక్క తెర వైపు వంగి చూసింది. "ఇది పొద్దున్నే ఉందా నీ దగ్గర?"

"ఉంది. బయటికి మాత్రం నేల దగ్గరి గాలే ఇస్తాం."

"చీమలకా మీ సూచన? నేనుండేది ఇరవయ్యో అంతస్తు పైన!"

అరుపులకి పై అధికారి గదిలోంచి వచ్చాడు. "చూడమ్మా, అంకెలు ఎక్కువైతే జనం తికమకపడతారు. ఇంతవరకూ ఎవరూ అడగలేదు కూడా."

"మీ దగ్గరుందని తెలిస్తేగా అడగడానికి!" అక్క బల్ల మీద అరచేత్తో కొట్టింది.

తమ్ముడు లేచాడు. పోయిన ఏడాది పై గాలి కూడా ఇద్దామని తనే అడిగితే, "ఉన్న పని చాలదా?" అని నవ్వేసింది ఈయనే.

"సార్, ఈ సాయంత్రం నుంచి పై గాలి కూడా రాస్తాను. వద్దంటే, వద్దని రాసి సంతకం పెట్టివ్వండి."

అధికారి ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. సంతకం పెట్టకుండానే గదిలోకి వెళ్లి తలుపు వేసుకున్నాడు.

సాయంత్రం సూచనలో క్రేనుల కోసం వేరుగా రెండు వాక్యాలు వెళ్లాయి: ఏ ఎత్తున, ఏ వేళకు, ఎంత గాలి. మర్నాడు కింద ఆకు కూడా కదల్లేదు. "ఏదయ్యా నీ గాలి? పని ఆపించావు!" అని ఒక సైటు ఇంజనీరు తమ్ముడికి ఫోనులో చీవాట్లు పెట్టాడు. మధ్యాహ్నం, ఆపి వదిలేసిన క్రేను పొడవాటి చెయ్యి గాలికి దానంతటదే తిరిగిపోతుంటే తలెత్తి చూశాడు. మళ్లీ ఫోను చేయలేదు.

సూచన మారిన సంగతి చెప్పాలని తమ్ముడు అక్కకి ఫోను చేశాడు. ఆమె ఆసుపత్రి వరండాలో ఉంది. మేస్త్రీని మళ్లీ ఆపరేషనుకి తీసుకెళ్లారు.

"విన్నాను. మంచి పనే," అంది. "నిన్న పొద్దున జరగాల్సింది," అని ఫోను పెట్టేసింది.