శంకు కుప్పెకు చేసిన మర్యాద

కాలేజీ రసాయనశాలలో పిల్లలంతా ఆమెను కుళాయక్క అనేవారు. రోజులో సగం కుళాయి దగ్గరే గడుస్తుంది మరి. హాస్టల్లో పదేళ్లు వంట చేసి, నిరుడు ఇక్కడికి అటెండరుగా వచ్చింది. ఇంకా తాత్కాలికమే. ఈసారి ప్రాక్టికల్ పరీక్షలు ఏ మాటా పడకుండా గడిస్తే పర్మనెంటు కాగితం పైకి పంపుతానని శాఖకు పెద్దయిన సారు మాటిచ్చాడు. ఆ మాట అత్తగారు అప్పుడే వీధంతా చాటేసింది: "మా కోడలు గాజు సామాను కడిగే ఆఫీసరు. మా ఇంటి గిన్నెలకే ఆ యోగం లేదు."

సామాను గుణం ఆమె వాడకంతోనే పట్టుకుంది. బీకరు కలపడానికీ కాచడానికీ పనికొస్తుంది. ఒంటిమీద గీతలున్నా అవి ఉజ్జాయింపుకే. కొలజాడీ కాస్త నయం. ఒట్టేసి చెప్పగలిగేది పీల్చి వదిలే సన్న గొట్టం, పిపెట్ ఒక్కటే: ఇరవై అంటే ఇరవయ్యే. బ్యూరెట్ అనే పొడవాటి గొట్టం స్టాండుకు నిటారుగా నిలబడి, అడుగున మర తిప్పితే చుక్క చుక్కగా వదులుతూ, ఎంత వదిలిందీ గీతల మీద చూపిస్తుంది. శంకు కుప్పె దేన్నీ కొలవదు. అడుగు వెడల్పు, మెడ సన్నం కాబట్టి చేత్తో గిరగిర తిప్పినా లోపలిది ఒలకదు. రంగు మారడం తెలియాలని దాని కింద తెల్ల పింగాణీ పలక పెడతారు.

"బ్యూరెట్‌నీ పిపెట్‌నీ నీళ్లతో కడిగి వదిలెయ్యకమ్మా" అని పెద్దసారు మొదటివారమే చెప్పాడు. "లోపలి తడికి పోసింది పలచనవుతుంది. ఏది పొయ్యబోతామో దానితోనే ఒకసారి కడిగి పారబొయ్యి."

పరీక్షరోజు పొద్దున్నే వచ్చి పన్నెండు బల్లలు సర్దింది. బ్యూరెట్లను ఆమ్లంతో, పిపెట్లను క్షారంతో కడిగింది. పిల్లలకు తొందరలో ఇబ్బంది ఉండకూడదని బల్లకు మూడేసి శంకు కుప్పెలు పెట్టింది. చూస్తే అన్నిటికీ నీళ్ల తడి. కాసేపట్లో క్షారం పడేది వీటిలోనే కదా, పాలు పొయ్యబోయే గిన్నెలో నీళ్లుంటే ఏమవుతుందో వంటమనిషికి ఒకరు చెప్పాలా? ఎవరూ చెప్పకుండానే ముప్పై ఆరు కుప్పెలనూ క్షారంతో కడిగి బోర్లించింది. పని తృప్తిగా ఉంది.

పరీక్ష మొదలైంది. పిపెట్‌తో ఇరవై మిల్లీలీటర్ల క్షారం కుప్పెలో పోసి, రెండు చుక్కలు సూచిక వేస్తే గులాబీ రంగు. ఆ రంగు పోయేదాకా బ్యూరెట్ నుంచి ఆమ్లం వదిలి, ఎంత పట్టిందో రాయాలి. మొదటి బల్ల అమ్మాయికి ఇరవై పాయింట్ ఏడు వచ్చింది. రెండో కుప్పెకు పాయింట్ నాలుగు, మూడోదానికి పాయింట్ తొమ్మిది. పక్కవాళ్లదీ అదే గోల. కుప్పెలు అయిపోయాయి కనుక ఒకదాన్ని కుళాయి కింద కడుక్కుని మళ్లీ చేశారు. సరిగ్గా ఇరవై. ఇంకోసారి చేస్తే ఇరవై. పన్నెండు మందికీ ఇరవయ్యే.

బయటి కాలేజీ నుంచి వచ్చిన పరీక్షకుడు కాగితాలు తిరగేసి కళ్లజోడు తీశాడు.

"మూడుసార్లు తలో దారి. నాలుగోసారి అందరూ ఒకే గుమ్మంలో దిగారు. ఎవరమ్మా అందించింది అంకె?"

"ఎవరూ అందించలేదు సార్, నిజంగా అంతే వచ్చింది" అంది మొదటి బల్ల అమ్మాయి.

"అంతే వస్తే మొదట ఎందుకు రాలేదు? చేతికి అప్పుడే జ్ఞానోదయమైందా? బ్యాచి మొత్తం రద్దు రాస్తున్నాను."

అమ్మాయి కళ్లు తుడుచుకుంది. మూల సింకు దగ్గర కుళాయక్క మాత్రం కుప్పెలకేసి చూస్తోంది. బ్యూరెట్ అదే, పిపెట్ అదే, సీసాలో మందు అదే. నాలుగోసారికి మారిందల్లా కుప్పెను కడిగిన చెయ్యి. ముందు తను కడిగింది క్షారంతో, తర్వాత పిల్లలు కడిగింది నీళ్లతో. నోరు మూసుకుంటే తన కాగితం భద్రం, పన్నెండు మంది చదువు గంగపాలు.

"సార్, పిల్లలది తప్పు కాదు" అంది. "కుప్పెల్ని క్షారంతో కడిగింది నేను."

"నిన్నెవరు కడగమన్నారు?" పెద్దసారు గొంతు లేచింది.

"ఎవరూ అనలేదు సార్. ఆ రెండింటికీ చేసి దీనికి చెయ్యకపోతే ఎలాగని..."

"మర్యాద చేశావా?" అన్నాడు పరీక్షకుడు. అయినా లేచాడు. "రెండు కుప్పెలు తే. ఒకటి నీ పద్ధతి, ఒకటి నీళ్ల పద్ధతి."

తెచ్చింది. పరీక్షకుడు తనే కూర్చుని చేశాడు. ఆమె పద్ధతికి ఇరవై పాయింట్ ఆరు పట్టింది. నీళ్ల కుప్పెకు ఇరవై. ఆయన బ్యూరెట్ గీత ఆమెకు చూపించాడు.

"చూడమ్మా, క్షారం ఎంతన్నది పిపెట్ అప్పుడే తేల్చేసింది. కుప్పెలో నీళ్లున్నా అది తగ్గదు, పెరగదు. కానీ గోడలకు క్షారం అంటుకుని ఉంటే దానికి కూడా ఆమ్లం కావాలి. అదీ నువ్వు పెట్టిన అదనపు ఖర్చు."

రద్దు అన్న మాట కొట్టేసి, చివరి రెండు రీడింగులే లెక్కకు తీసుకున్నాడు. నివేదికలో మాత్రం రాయాల్సింది రాశాడు: విద్యార్థుల దోషం లేదు, అటెండరు కుప్పెలను క్షారంతో కడగడం వల్ల తేడా వచ్చింది. కింద ఆమె సంతకం కావాలన్నాడు. ఆమె అక్షరం అక్షరం చదువుకుని చేసింది.

పెద్దసారు కాగితం మడుస్తూ, "ఇది వెళ్లాక నీ పర్మనెంటు ఫైలు ఈ ఏడాది కదలదు. నేను గింజుకున్నా కదలదు" అన్నాడు.

"తెలుసు సార్."

"మీ అత్తగారికేం చెబుతావు?"

"ఆమెకు ఏది చెప్పినా వీధికి తనే చెప్పుకుంటుంది సార్. మధ్యాహ్నం బ్యాచి గంటలో వచ్చేస్తుంది, కాస్త దారివ్వండి" అని ముప్పై ఆరు కుప్పెలనూ గంపకెత్తుకుని కుళాయి తిప్పింది.