మల్కాపురంలో వరినాట్లు

పేజీ ప్రెస్సుకు వెళ్ళే వేళైంది. మల్కాపురం పేజీలో ఇంకా జానెడు జాగా ఖాళీ. ద్వారకా నగర్ ఆఫీసులో సబ్ ఎడిటర్ జాక్సన్‌కి చెమటలు పట్టాయి. మల్కాపురం విలేకరి పెళ్ళికని పోయి ఒక్క వార్తా పంపలేదు. నెలాఖరుకు జాక్సన్ ఉద్యోగం పర్మనెంటు కావాలంటే న్యూస్ ఎడిటర్ నీలకంఠం సంతకం పడాలి. ఆ మహానుభావుడికి ఖాళీ జాగా కనబడితే పూనకం వస్తుంది.

అప్పట్లో పత్రికలు జిల్లాను ముక్కలు చేసి, ఏ ఊరి పేజీ ఆ ఊరికే పంచేవి. మల్కాపురం పేజీ ఎలమంచిలివాళ్ళు చూడరు, ఎలమంచిలిది మల్కాపురంవాళ్ళు చూడరు. ఈ ఏర్పాటు దేవుడు తనబోటివాళ్ళ కోసమే చేశాడని జాక్సన్ నమ్మకం. వార్తలు తక్కువైతే ఎలమంచిలి దోమల్ని మల్కాపురానికి తోలేసేవాడు. దోమలు ఎక్కడైనా దోమలే కదా! ఇన్నాళ్ళూ కాదన్నవాడు లేడు.

ఆ రోజు ఎలమంచిలి నుంచి మంచి వార్తే వచ్చింది. బురదగుంటైన వీధిలో ఆడవాళ్ళు వరినాట్లు వేసి నిరసన తెలిపారట. దాన్ని ఎలమంచిలి పేజీలో పెట్టాక, జాక్సన్ దాన్నే ఫొటో లేకుండా, పేర్లు కొట్టేసి, ఊరు మార్చి మల్కాపురం పేజీలోనూ దించాడు. 'సంబంధిత అధికారులు ఇప్పటికైనా మేల్కోవాలి' అని ముక్తాయించి టీకి వెళ్ళిపోయాడు.

అతని ఖర్మ కొద్దీ అధికారులు నిజంగానే మేల్కొన్నారు. పైనుంచి ఎవరు గద్దించారో ఏమో, కొద్దిరోజుల్లోనే మల్కాపురంలో బురద వీధికి సిమెంటు రోడ్డు పడింది. ఎలమంచిలి వైపు తట్టెడు కంకరైనా వెళ్ళలేదు.

నీలకంఠం ఆనందానికి పట్టపగ్గాల్లేవు. "ఏవయ్యా జాక్సన్, మన వార్తకి రోడ్డు పడిందయ్యా! నాట్లేసిన ఆడాళ్ళని ఆ రోడ్డు మీద నిలబెట్టి ఫొటో తీయించుకురా. రాగానే నీ కాగితం మీద సంతకం పెట్టేస్తా."

జాక్సన్ ఫొటోగ్రాఫర్ని స్కూటరెక్కించుకుని మల్కాపురం పరుగెత్తాడు. కొత్త రోడ్డు మీద నూకాలు అనే ఆవిడ చేపలు ఎండబెట్టుకుంటోంది. సంగతి విని నోరు నొక్కుకుంది.

"నాట్లేటి బాబూ? మాకు సముద్రం తప్ప సెక్క నేలెక్కడిది? అయినా పరవానేదు, ఫొటోకి నిలబడతాం. కుళాయి గురించి కూడా రాసెయ్యండి. బిందెలట్టుకుని రోడ్డెక్కినామని రాయండి. ఎక్కంలెండి, ఎండగా ఉంది."

పదిమంది ముస్తాబై నవ్వుతూ నిలబడ్డారు. ఆ ఫొటో చూసి నీలకంఠం మురిసిపోయి పెన్ను మూత తీశాడు. సరిగ్గా అప్పుడే గంగాలమ్మ లోపలికొచ్చింది. ఎలమంచిలిలో దగ్గరుండి నాట్లు వేయించిన మనిషి. మల్కాపురంలో అక్కగారింటికని వచ్చి, అక్కడ నున్నటి రోడ్డునీ, ఆ ఇంటి గోడకు అంటించిన పాత పత్రికలో నాట్ల వార్తనీ చూసి తిన్నగా ఇటే వచ్చింది.

"ఏటి బాబూ ఇది? మోకాళ్ళ దాకా బురదలో దిగింది నాను, నాతోటోళ్ళూ. రోడ్డేమో ఆళ్ళకా?" ఆమె గొంతులో కోపమూ ఏడుపూ కలిసిపోయాయి. "ఆళ్ళు నాట్లెయ్యకుండానే ఏసినారని రాత్తే రోడ్డు పడిపోనాది. మాకు రోడ్డు పడకుండానే పడిందని రాసెయ్యండి. సిగ్గేసైనా ఏత్తారు."

జాక్సన్‌కి నవ్వు రాబోయి ఆగిపోయింది. ఆవిడ వెక్కిరించడం లేదు, నిజంగానే అడుగుతోంది. తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఊరి పేరు మారిస్తే పోయేదేముందిలే అనుకున్నాడు ఇన్నాళ్ళూ. పోయింది ఈవిడ రోడ్డు.

నీలకంఠం పెన్ను మూత పెట్టేశాడు.

"సార్, అసలేమైందంటే..."

"నువ్వేం చెప్పకు. ఎలమంచిలి పో. ఆ వీధికి రోడ్డు పడినరోజున సంతకం పెడతా. పడిందని నువ్వు రాస్తే నమ్మను, నేనే వచ్చి నడిచి చూస్తా."

మర్నాడు జాక్సన్ ఎలమంచిలిలో ఆ వీధి మొదట పొడినేల చూసుకుని నిలబడ్డాడు. నాట్లు వేసిన ఆడవాళ్ళందరూ వచ్చేశారు. "చెప్పండమ్మా, రాసుకుంటాను," అన్నాడు వినయంగా.

గంగాలమ్మ అతని చేతిలో నారుకట్ట పెట్టింది.

"ముందు బూట్లిప్పి దిగండి బాబూ. ఈసారి ఫొటోలో మీరూ ఉండాల."