తిరిగి ఎక్కే చుక్కలు

"నీ చుక్కల్ని కాసేపు ఆపి నా చొక్కా సంగతి చూస్తావా?" అన్నాడు మొగుడు, తువ్వాలుతోనే వచ్చి నిలబడి.

ఆమె చేతిలో ఇస్త్రీ పెట్టె అప్పటికే ఆ చొక్కా మీదే ఉంది. ఒక కన్ను కాలర్ మీద, ఇంకో కన్ను ల్యాప్‌టాప్ మీద. అయినా ఆయనకి తెర మాత్రమే కనిపిస్తుంది, అదేం చూపో! "మా ఆవిడ నలభయ్యో పడిలో వీడియో గేములు చదువుతోంది" అని ఆఫీసులో చెప్పాడట. అందరూ పడీ పడీ నవ్వారట. ఆ సంగతి ఇంటికొచ్చి చెబితే ఆమె కూడా నవ్వింది. నవ్వకపోతే మూతి ముడుచుకుందంటారు, దానికి మళ్ళీ ఇంకో పంచాయితీ. నిజానికి ఆ రోజు ఆమెకి ఒళ్ళు మండిపోయింది.

ఆమె చదువు పేరు సంక్లిష్ట వ్యవస్థల మోడలింగ్, సిమ్యులేషన్. పీజీ. ఆ పేరు నోరు తిరక్క అత్తగారు "కంప్యూటర్ చదువు" అని తేల్చేసింది. చెప్పుకుంటే పెద్ద బ్రహ్మవిద్యేం కాదు. జనంలో ఒక్కొక్కరూ ఎలా నడుచుకుంటారో చిన్న చిన్న నియమాలుగా కంప్యూటర్‌కి చెప్పాలి, ఆ పైన అందర్నీ కలిపి వదిలి ఏమవుతుందో చూడాలి. ఆమె ప్రాజెక్టు ఒక ఎత్తైన అపార్ట్‌మెంటు. అందులో మంటలు లేస్తే జనం మెట్ల మీదుగా ఎంతసేపట్లో బయటపడతారన్నది ప్రశ్న. ఒక్కో చుక్క ఒక్కో మనిషి. "రెండేళ్ళు ఇచ్చాను, చదువుకో. ఆపైన ఒక్క రోజు కూడా అడక్కు" అన్నాడు మొగుడు, చేరేటప్పుడు. వంట చేసి, పాపని బడికి పంపి, అత్తగారికి మందులేసి, అప్పుడు బస్సెక్కుతుంది ఆమె. ఆయన ఇచ్చిందేమిటో ఎంత ఆలోచించినా ఆమెకి అంతు చిక్కలేదు. ఆ రెండేళ్ళూ ఇప్పుడు అయిపోవచ్చాయి. ప్రొఫెసర్ సంతకం ఒక్కటే మిగిలింది, అది పడితే డిగ్రీ, ఆయన దగ్గరే ఉద్యోగం. పడకపోతే మళ్ళీ పొయ్యి దగ్గరికే.

సంతకం దగ్గరే వచ్చింది చిక్కంతా. నియమాలు రాయడానికి ఆమెకి ఒక వీడియో ఇచ్చారు, ఒక బిల్డింగులో ముందు చెప్పకుండా మంటల గంట మోగించి చేయించిన డ్రిల్లుది. గంట మోగగానే జనం మెట్లు దిగుతున్నారు, బానే ఉంది. కానీ కొందరు సగం దిగి మళ్ళీ పైకి ఎక్కుతున్నారు! ఆమె చుక్కల్లో కొన్నింటికి ఆ బుద్ధి పెట్టేసరికి మెట్లు బిగుసుకుపోయాయి. దిగేవాళ్ళకీ ఎక్కేవాళ్ళకీ దారి చాలక బిల్డింగు ఖాళీ కావడం లేదు. "వాళ్ళని తీసెయ్యమ్మా. కంగారు మనుషులు, లెక్కలోకి రారు" అన్నాడు ప్రొఫెసర్. ఆ మెట్ల వెడల్పు చాలునని కట్టే కంపెనీకి ఆయన రిపోర్టు ఇవ్వాలి మరి. చూద్దాం సార్ అని వచ్చేసింది. తీసేద్దామనే అనుకుంది కూడా.

ఆ వారంలోనే ఒక సాయంత్రం వాళ్ళ అపార్ట్‌మెంట్లోనే గంట మోగింది. కింద ఎవరింట్లోనో వైర్లు కాలి పొగ లేచింది. మొగుడు టీవీ ముందు నుంచి లేచి, తన ఆఫీసు ల్యాప్‌టాప్ సంచి భుజానేసుకుని, పాప చెయ్యి పట్టుకుని, "పదండి పదండి!" అంటూ వెళ్ళిపోయాడు. ఆ "పదండి" ఎవర్నో! ఆమె స్టవ్ ఆపింది. మూలనున్న అత్తగారి గదిలోకి పరిగెత్తింది. మోకాళ్ళు పట్టేసి మంచం మీద కూర్చునే ఉంది ముసలావిడ, మొహం పాలిపోయి. గంటతో పాటే లిఫ్టు ఆగిపోయింది. ఆరో అంతస్తు నుంచి భుజం కింద చెయ్యేసి ఒక్కో మెట్టే దించుతుంటే ఎదురుగా జనం ఎక్కుతున్నారు. కింది అంతస్తు నర్సమ్మ తన తండ్రి కోసం, మూలింటి కొత్త కోడలు నిద్రపోతున్న చంటిదాని కోసం, ఎవరో పెద్దావిడ మొగుడి గుండె మాత్రల కోసం. "జరగండమ్మా, జరగండి" అంటూ రాసుకుంటూ వెళ్ళారు. ఆ పొగలో, దగ్గు మధ్యలో, ఆమెకి వీడియోలోని మనుషులు ఎవరో తెలిసిపోయింది. 

అందరికంటే ఆఖర్న దిగారు అత్తాకోడళ్ళు. "ఇంతసేపు ఏం చేస్తున్నావు లోపల, నగలు సర్దుకుంటున్నావా?" అన్నాడు మొగుడు పదిమందిలో. ఇద్దరు ముగ్గురు కిసుక్కున నవ్వారు. అత్తగారు ఊపిరందగానే పక్కావిడతో, "మావాడు పాపని ఎంత ఒడుపుగా దించాడో చూశారా?" అంది.

మర్నాడు ఆమె ప్రొఫెసర్ గదికి వెళ్ళి ఇదంతా చెప్పింది. లేవలేని వాళ్ళని కూడా చుక్కలుగా పెట్టాలంది, రాత్రే అలాంటి చుక్కని ఒకదాన్ని పెట్టి చూశానంది, తిరిగి ఎక్కేవాళ్ళు వాళ్ళ కోసమే ఎక్కుతున్నారంది.

"మీ ఇంటి భాగోతం డేటా కాదమ్మా" అన్నాడాయన విసుగ్గా. "అసలు అలా వెనక్కి వెళ్ళేవాళ్ళు ఎంతమంది ఉంటారని?"

"ఇంటికొకరు సార్."

ఆయన నవ్వబోయి ఆగిపోయాడు. తర్వాత కాగితాలు సర్దుకుంటూ, "సరే, నీ ఇష్టం. నేను మాత్రం సంతకం పెట్టను. వేరే గైడ్‌ని చూసుకుంటే ఇంకో ఏడాది పడుతుంది, ఆలోచించుకో" అన్నాడు.

బస్సులో ఆమె కిటికీ వైపు తిరిగి ఏడ్చింది. ఏం పోయింది, ఒక్క మీట నొక్కితే ఆ చుక్కలు మాయమవుతాయి, డిగ్రీ వస్తుంది, జీతం వస్తుంది. అవేమన్నా తన అక్కచెల్లెళ్ళా? ల్యాప్‌టాప్ తెరిచింది కూడా. నర్సమ్మ మొహం గుర్తొచ్చి మూసేసింది. తన మీద తనకే కోపం వచ్చింది, ప్రొఫెసర్ మీద అంతకంటే ఎక్కువ వచ్చింది.

రాత్రి భోజనాల దగ్గర విషయం చెబితే మొగుడి మొహం వికసించింది. "పోనీలే, ఒక గొడవ వదిలింది" అని కూర వడ్డించుకుని, ఎందుకో జాలిపడ్డట్టు, "అయినా ఆయనేం కాని మాట అన్నాడు? పెద్దాయన చెప్పినట్టు తీసెయ్యొచ్చుగా? ఆ నాలుగు చుక్కలు లేకపోతే ఏమిటి నష్టం?" అన్నాడు.

ఆమె లేచి చెయ్యి కడుక్కుని, ల్యాప్‌టాప్ తెచ్చి కంచాల మధ్యలో పెట్టింది. ఆయన అడిగినట్టే తిరిగి ఎక్కే చుక్కలన్నీ తీసేసి, గంట మోగించింది. చుక్కలు బిలబిలమంటూ దిగిపోయాయి, మెట్లు ఖాళీ, గేటు దాటి అందరూ క్షేమం. "భేష్" అన్నాడు మొగుడు. అత్తగారు కళ్ళజోడు సవరించుకుని ముందుకి వంగింది. ఆరో అంతస్తులో, మూల గదిలో, ఒక చుక్క కదలకుండా ఉండిపోయింది.

"అదేంటి, అది ఆగిపోయిందే? ఎవరది?" అంది అత్తగారు.

"మీరే అత్తయ్యా."

 పాప అన్నం కలపడం ఆపేసింది.

"ఇంకో ఏడాది చదువుతాను, వేరే గైడ్ దగ్గర" అంది ఆమె మొగుడితో.  "అడగట్లేదు, చెబుతున్నాను. ఇంకో మాట. మళ్ళీ గంట మోగితే పాపని తీసుకుని నేను దిగిపోతాను. అత్తయ్యని మీరు తీసుకురండి."

"దానికేం? మా అమ్మ, నేను తీసుకురానా?" అన్నాడాయన రోషంగా.

అత్తగారు కొడుకు వైపు చూడలేదు. బల్ల కింద నుంచి కోడలి చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"వాడు రాడే అమ్మాయ్" అంది.