హాజ్ మిమూన్ అగ్గిపుల్ల

మా ఊళ్లో తేనె గురించి తెలియనివాడు లేడు. తేనెపెట్టె మూత తీసి చూసినవాళ్లు మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే. మిగతా అందరికీ హాజ్ మిమూన్ నోట్లోంచి వచ్చిందే శాసనం.

మా అజిలాల్ కొండల్లో పూసే జెముడు పూల తేనెకి ఆయన పెద్ద వర్తకుడు. చప్పరిస్తే గొంతులో మిరియం మింగినట్టు మండుతుంది ఆ తేనె. అది అసలుదో కల్తీదో తేల్చడానికి ఆయన దగ్గర ఒక బ్రహ్మాండమైన పరీక్ష ఉంది. అగ్గిపుల్లను తేనెలో ముంచుతాడు, పైపైన తుడిచి పెట్టెకేసి గీస్తాడు. వెలిగితే అసలు, వెలగకపోతే పాకం. నేను కాలేజీలో రసాయనశాస్త్రం చెబుతాను. అది పుల్లకి పరీక్షే గాని తేనెకి కాదని చెప్పీ చెప్పీ నా నోరు నొప్పెట్టింది. "రబ్‌హా టీచరమ్మా, నీ పుస్తకాలు పిండితే తేనె కారుతుందా ఏంటి?" అని నవ్వేవాళ్లు. నవ్వేవాళ్లలో సగంమంది నా దగ్గర చదువుకున్నవాళ్లే, అదీ నా ఖర్మ.

పోయినేడాది తేనెల సంత రోజు పొద్దుట్నుంచీ జల్లు. పైకొండ నుంచి ఇత్తో తన సీసాలు కంచరగాడిద మీద వేసుకుని వచ్చింది. మొగుడు పోయాక తేనెపెట్టెలన్నీ ఒంటిచేత్తో చూసుకుంటున్న మనిషి. హాజ్ మిమూన్ తడిసిన జల్లాబా అంగీ జేబులోంచి అగ్గిపెట్టె తీశాడు. పుల్ల ముంచాడు, గీశాడు. వెలగలేదు. ఇంకోటి గీశాడు, అదీ వెలగలేదు. వానలో నానిన పుల్ల ఎవడి తేనెలో ముంచితే మాత్రం వెలుగుతుంది?

"పంచదార పాకం," అన్నాడు తీర్పు చెబుతూ.

సంత సంఘం అధ్యక్షుడు బెన్నాసర్ గంగిరెద్దులా తలూపాడు. ఊరంతా ఆయన వెనకే తలూపింది. ఇత్తో సీసాలు మళ్లీ కంచరగాడిద మీదికి ఎక్కించుకుని పోయింది. అప్పట్నుంచి ఆమె పేరు పాకం ఇత్తో. ఆమె తేనె కొన్న నాథుడు లేడు. ఈ సంతలో కూడా చోటు దొరక్కపోతే పెట్టెలు తెగనమ్ముకుని ఎవరింట్లోనో అంట్లు తోముకోవాల్సిందే. ఆ సంగతి ఊరందరికీ తెలుసు, ఒక్కరికీ చీమ కుట్టినట్టయినా లేదు.

ఈ ఏడు బయటి ఊళ్ల వ్యాపారులు అడ్డం తిరిగారు, ప్రయోగశాల పరీక్ష లేకపోతే తేనె ముట్టుకునేది లేదన్నారు. అప్పుడు గుర్తొచ్చాను నేను. బెన్నాసర్ మా ఇంటికొచ్చి మూడు గ్లాసుల పుదీనా టీ తాగి, "నువ్వే చేసిపెట్టాలమ్మా. పరీక్షలో పోయినవాళ్లని మళ్లీ సంత గుమ్మం తొక్కనివ్వం," అన్నాడు.

"అందరికీ ఒకటే పరీక్షేనా?"

"అందరికీ."

"హాజ్ గారికి కూడా?"

ఆయన టీ గ్లాసులోకి చూస్తూ, "ఆయనకెందుకమ్మా భయం, ఆయనే పరీక్ష కదా," అన్నాడు.

ఆ వారంలోనే ఆ పరీక్షగారు కాలేజీకి స్వయంగా దయచేశారు, చంకలో నీలం కాగితం చుట్టిన పంచదార దిమ్మతో. మా వైపు పెద్దింటికి వెళ్తే పంచదార దిమ్మ పట్టుకెళ్లడం మర్యాదే. కానీ పాకం పరీక్ష చేసే మనిషి దగ్గరికి పంచదార మోసుకొచ్చిన వీరుణ్ణి నేను మొదటిసారి చూడటం.

"ఏం తల్లీ, ఇంతకీ ఏం చూస్తావు తేనెలో?" అన్నాడు కూర్చుంటూ.

"అమైనో ఆమ్లాలు చూస్తాను హాజ్ గారూ. అసలు తేనెలో ఉంటాయి, పాకంలో ఉండవు."

"అమైనో... ఆ పేరు ఎక్కడో విన్నానే."

"విన్నారేమో మరి."

"అవి ఎంత ఎక్కువుంటే అంత మంచిదనుకో."

"నేనేమీ అనుకోలేదు, మీరే అనుకుంటున్నారు," అన్నాను. ఆయన హాయిగా నవ్వుకుంటూ వెళ్లిపోయాడు. పంచదార దిమ్మని కూడా తిరిగి పట్టుకెళ్లమన్నాను, పట్టుకెళ్లాడు. ఎందులోకి పోయిందో ఆ పైవాడికే తెలియాలి.

పని మొదలుపెట్టాను. ముందు తేనెలోంచి చక్కెరనంతా కడిగి వదిలించాలి, లేకపోతే చుక్క బంకలా సాగి ఏదీ విడిపోదు. తర్వాత, తెల్లపొడి పలచగా పూసిన గాజుపలక కింది అంచున ఒక్కొక్కరి తేనె చుక్కనీ సన్నటి గాజు గొట్టంతో పెట్టాను. పక్కనే పేరు తెలిసిన అమైనో ఆమ్లాల చుక్కలు కూడా, పోల్చుకోడానికి. పలకని ద్రావకంలో నిలబెడితే, వత్తి నూనె పీల్చినట్టు ఆ పొడి ద్రావకాన్ని పైకి పీల్చుకుంటుంది. అమైనో ఆమ్లాలు దాంతోపాటే ఎక్కి, ఒక్కొక్కటీ ఒక్కో ఎత్తులో ఆగిపోతాయి. అప్పటికి కంటికి ఏమీ కనిపించదు. నిన్‌హైడ్రిన్ చల్లి వేడి చేస్తే ఊదారంగు మచ్చలు తేలతాయి. ప్రోలీన్ ఒక్కటే పసుపు. మిగతావాటిని చాలావరకు పువ్వే ఇస్తుంది, ఆ ప్రోలీన్‌ని మాత్రం ఎక్కువగా తేనెటీగే తన ఒంట్లోంచి కలుపుతుంది. ఈగ ముట్టని పాకంలో పసుపు మచ్చ ఎక్కణ్ణుంచి వస్తుంది?

నిన్‌హైడ్రిన్ మాత్రం సంతలోనే, అందరి ముందూ చల్లుతానన్నాను. ఇంట్లో చేసి తీసుకొస్తే టీచరమ్మే రంగులు పూసిందనే ఊరు మాది.

సంత రోజు ఎండ కాసింది. గుడారం కిక్కిరిసిపోయింది. హాజ్ మిమూన్ ముందువరసలో మెత్త మీద కూర్చున్నాడు, పక్కనే ఆయన మేనల్లుడు అన్వర్. బస్టాండు ఎదురుగా జిమ్ము నడుపుతాడు, మెడ ఎక్కడ అయిపోయి భుజం ఎక్కడ మొదలైందో తెలియదు. ఇత్తో వెనకాల గుడారం గుంజ పక్కన నిలబడింది. ఆమెకి కూర్చోమని చోటిచ్చిన పుణ్యాత్ముడు లేడు.

మందు చల్లి, పలకని వేడి పెనం మీద పెట్టాను. అందరూ మెడలు చాచారు. మచ్చలు మెల్లగా తేలాయి. ఇత్తో చుక్క దారిలో చిన్న చిన్న ఊదా మచ్చలు, వాటి మధ్య చక్కటి పసుపు మచ్చ. హాజ్ మిమూన్ దారిలో పసుపు లేదు. పైన మాత్రం రెండు ఊదా మచ్చలు, ఒకదాన్నొకటి నెట్టుకుంటూ, సిరా బుడ్డి ఒలికినంత లావున.

హాజ్ లేచి నిలబడ్డాడు. "చూశారా, నా తేనె బలం. వాళ్లవన్నీ చిన్న చుక్కలు. నాది చూడండి."

జనం ఆహా అన్నారు. బెన్నాసర్ తలూపడం అప్పుడే మొదలుపెట్టేశాడు. నాకు ఒళ్లు మండింది, నవ్వూ వచ్చింది. రెండూ ఒకేసారి వస్తే నేను మెల్లగా మాట్లాడతాను.

"నిజమే హాజ్ గారూ, చాలా బలం. పక్కన పెట్టిన చుక్కలతో పోలిస్తే ఈ పైది ల్యూసిన్, కిందది వాలిన్. ఇంతింత ల్యూసిన్, వాలిన్ నేను ఏ తేనెలోనూ చూళ్లేదు. ఒక్కచోట మాత్రం చూశాను, కండలు పెంచేవాళ్లు నీళ్లలో కలుపుకునే పొడి డబ్బాల్లో. మీ ఈగలు ఏ జిమ్ముకెళ్తున్నాయో కాస్త చెబుతారా?"

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు అన్వర్ దిగ్గున లేచాడు. "నాకేం తెలీదు. మామయ్య అమైనో పొడి కావాలంటే ఒక్క డబ్బా ఇచ్చానంతే. మోకాళ్ల నొప్పులకనుకున్నా."

గుడారం గుడారమంతా నవ్వింది. పోయినేడాది ఇత్తోని చూసి నవ్వినవాళ్లే, అంతే గట్టిగా నవ్వారు. వాళ్లకి ఎవరైతేనేం, నవ్వడానికి ఒకరుండాలి. వాళ్లని చూస్తే హాజ్ కంటే వాళ్లే ఎక్కువ అసహ్యమనిపించారు నాకు. ఆయన కనీసం తన లాభం కోసం అబద్ధమాడాడు, వీళ్లు ఊరికే నమ్మారు.

"ఈ గాజుముక్కకేం తెలుసు తేనె?" హాజ్ అరిచాడు. "మా తాతల పరీక్ష ఉంది, దానికి మించింది లేదు."

అప్పుడు కదిలింది ఇత్తో. జనాన్ని తప్పించుకుంటూ ముందుకొచ్చి, కొంగు ముడిలోంచి అగ్గిపెట్టె తీసింది.

"అలాగే కానివ్వండి హాజ్ గారూ. మీ పరీక్షే చేద్దాం. మీ సీసా ఇటివ్వండి."

ఆయన ఇవ్వలేదు. బల్ల మీదున్నది ఆమే అందుకుని మూత తీసింది. పుల్ల నిండా ముంచి, కొంగుతో పైపైన తుడిచి గీసింది. పుల్ల భగ్గున వెలిగింది.

ఆమె దాన్ని హాజ్ మొహానికి ఎదురుగా పట్టుకుంది.

"వెలిగింది," అంది ఇత్తో. "చూశారుగా అందరూ. ఈ పాకం అసలు తేనె అంట. పోయినేడు నన్ను గెంటేసిన పరీక్ష ఇదే."

పుల్ల ఆమె వేళ్లదాకా కాలింది. దాన్ని హాజ్ ముందున్న టీ గ్లాసులో పడేసింది. తర్వాత బెన్నాసర్ వైపు తిరిగి, "నా చోటు ఎక్కడ?" అని అడిగింది. ఆయన తలూపడం మర్చిపోయి, తాను కూర్చున్న బల్ల ఖాళీ చేసి ఇచ్చాడు.