నాలుగో నంబరు

డ్రైవింగ్ మాస్టారికి ఒక పట్టుదల ఉంది. బండిలో కూర్చున్న వాళ్లంతా ఎవరి నంబరు వాళ్లు నోటితో చెబితే తప్ప ఆయన తాళం తిప్పడు. అద్దం చూసి సరిపెట్టుకునేవాడు మంగలి షాపులో కూర్చోవాలి గానీ స్టీరింగు ముందు కాదంటాడు. ఊళ్లో సగం మందికి క్లచ్చూ బ్రేకూ నేర్పిన మనిషి. ఇంట్లోనూ ఆయనదే చట్టం. వయసు వరసన వాళ్లమ్మ ఒకటి, తను రెండు, భార్య మూడు, పెద్దాడు నాలుగు, చిన్నది ఐదు.

భార్య ఇంట్లోనే కార్ల సీటు కవర్లు కుడుతుంది. పాత వ్యాను కొన్న ఏడాది ముచ్చటపడి ఒక్కో సీటు కవరు మీద ఒక్కో అంకె ఎర్రదారంతో కుట్టింది. వెనక వరసలో నాలుగూ ఐదూ పక్కపక్కనే ఉండేవి, వాటి మీద అన్నాచెల్లెళ్లు కిటికీ కోసం కొట్టుకునేవాళ్లు.

పోయిన వానాకాలంలో పెద్దాడు మూడు రోజుల జ్వరంతో పోయాడు. వాడికి పద్నాలుగేళ్లు.

ఈ ప్రయాణం వాడిదే. ముందు సముద్రం ఒడ్డునే నాలుగు రోజులు, తర్వాత కొండెక్కి వానలు ఆగని అడవిలో రెండు రోజులు. నోటుబుక్కులో దారంతా గీసి, ఎక్కడ ఆగాలో చుక్కలు పెట్టాడు. ఏడాది తిరిగాక మాస్టారు ఆ బుక్కు తీసి, వెళ్తున్నామని చెప్పాడు. భార్య కాదనలేదు. బయల్దేరే ముందు రోజు ఆయన సీట్లు దులుపుతూ, నాలుగు విప్పేసి ఐదుని నాలుగు చెయ్యమన్నాడు. లేనివాడికి నంబరెందుకన్నాడు. అరిగిపోయిన స్టిక్కరు గీకేయమన్నంత మామూలుగా అన్నాడు. సూది విరిగిందని చెప్పింది ఆవిడ. విరగలేదు.

మొదటి రోజు వీధి మలుపులో ఆయన లెక్క మొదలుపెట్టాడు. అత్తగారు "ఒకటి" అంది. ఆయన రెండు, భార్య మూడు. పదేళ్ల చిన్నది వెనకనుంచి "నాలుగు" అని గట్టిగా అంది. పై తరగతికి వెళ్లినట్టు సంబరం దానికి. బండి కదిలింది. దాని గొంతు అచ్చం అన్నయ్య గొంతేనని అత్తగారు మురిసిపోయింది. మూడో నంబరు సీటులో తల్లి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

సముద్రం బాగుంది. ఇసుకలో ఎండ్రకాయలు పరుగెత్తాయి. అత్తగారు చీర మోకాళ్లదాకా ఎత్తిపట్టుకుని అలల్లో నిలబడి, మీ మామగారు బతికుంటే నన్నిలా చూసి సన్యాసం పుచ్చుకునేవాడని అందరినీ నవ్వించింది. చిన్నది అన్నయ్య బుక్కు పట్టుకుని చుక్క దగ్గరల్లా ఆపించింది. ఆపినప్పుడల్లా దిగడం, ఎక్కడం, లెక్క. రెండో రోజుకే ఆ "నాలుగు" తల్లికి చెవిలో పుల్ల పెట్టి తిప్పినట్టయింది.

మూడో రోజు కొళాయి దగ్గర దాని కాళ్ల ఇసుక కడుగుతూ, మడమ గట్టిగా పట్టుకుంది.

"ఆ నంబరు నీది కాదు."

"నాన్న చెప్పమన్నారు."

"వాడి నంబరు ఇంకోసారి నీ నోట విన్నానంటే నీతో మాట్లాడను."

చిన్నది కాసేపు నీళ్లకేసి చూసి, మరి తనెంత అని అడిగింది. ఐదు అంది తల్లి. ఐదంటే నాన్న తిడతారంది అది.

"అయితే ఊరుకో. నేను చెప్తాను."

అప్పటినుంచి లెక్కలో చిన్నది పెదవి విప్పలేదు. తల్లే "మూడు" అని, కళ్లు మూసుకుని, కొంచెం ఆగి "నాలుగు" అనేది. ఆ ఆగడంలో వాడు పరుగెత్తుకుంటూ వచ్చి ఎక్కి కూర్చునేంత చోటు ఉండేది. మాస్టారికి ఆ గొంతు ఎవరిదో తెలుసు. మొదటిసారి అద్దంలోకి ఓసారి చూసి తాళం తిప్పాడు. ఆ రాత్రి బసలో మాత్రం, నీకు తోచినట్టు ఏడువు, నా లెక్క నాకు సరిపోతే చాలన్నాడు.

ఐదో రోజు అడవిలోకి వెళ్లారు. గేటు దగ్గర కాపలావాడు చీటీ రాసిచ్చాడు. పగలే చీకటిగా ఉంది. ఆకుల మీంచి ఆకుల మీదికి నీళ్లు కారుతున్నాయి. వాన పడుతోందో ఆగిందో తెలియడం లేదు. జలగలుంటాయి, కాలిబాట దిగవద్దని బోర్డు. బుక్కులో చివరి చుక్క అక్కడే, చెక్కల వంతెన దాటాక ఒక చిన్న జలపాతం. చూసి వెనక్కొచ్చి, అత్తగారి కోసం రేకుల మరుగుదొడ్డి దగ్గర ఆగారు. అంతలో ఆకాశం కూలినట్టు వాన దిగింది. అందరూ బండికేసి పరుగెత్తారు. వెనక సీటులో తడి రెయిన్‌కోట్లు కుప్పగా పడున్నాయి, పైన చిన్నదాని ఎర్ర టోపీ. మాస్టారు బయటే నిలబడి తలుపులన్నీ తోసి, తడిసి ముద్దయి వచ్చి కూర్చున్నాడు.

"ఒకటి" అంది అత్తగారు, ముఖం తుడుచుకుంటూ.

"రెండు" అన్నాడు ఆయన.

"మూడు" అంది భార్య. జలపాతం ముందు వాడెలా నవ్వేవాడో కళ్ల వెనక చూసుకుంటోంది. ఎప్పటిలాగే ఆగింది. "నాలుగు" అంది.

బండి కదిలింది.

ముప్పావుగంట దిగాక గేటు వచ్చింది. కాపలావాడు గొడుగు పట్టుకుని చీటీ అందుకుని, ఎంతమందని అడిగాడు. నలుగురమన్నాడు మాస్టారు. అతను కిటికీలోంచి టార్చి వేసి ముందునుంచి వెనకదాకా చూశాడు.

"చీటీలో నలుగురు, బండిలో ముగ్గురే. ఇంకొకరేరి సార్?"

తల్లికి ముందు గుర్తొచ్చింది పెద్దాడు. అవును, ఒకడు తక్కువే, ఏడాదినుంచీ తక్కువే, అది ఈ కొత్తవాడికి కూడా తెలిసిపోయిందా అనుకుంది. ఆ తర్వాతే వెనక్కి తిరిగి టోపీ ఎత్తింది. కింద రెయిన్‌కోట్లు తప్ప ఏమీ లేవు.

మాస్టారు బండి తిప్పాడు. అరవలేదు. పై మలుపులో గేరు మారుస్తూ అడిగాడు.

"నాలుగు అన్నది ఎవరు?"

ఎవరో ఆయనకూ తెలుసు. జవాబు మాత్రం అత్తగారే ఇచ్చింది. పోయినవాడికి కూడు వండి, ఉన్నదాన్ని అడవిలో పారేసిన తల్లిని నిన్నే చూశానమ్మాయ్ అంది. మెల్లగా, ప్రేమగా అన్నట్టే అంది. ఆవిడ రెండు చేతులతో ఎర్ర టోపీని పిండుతూ కూర్చుంది. అందులో నీళ్లు ఎప్పుడో అయిపోయాయి.

చిన్నది రేకుల కప్పు కిందే నిలబడి ఉంది. ఏడవడం లేదు. పిక్కల మీద మూడు జలగలు నల్లగా ఉబ్బి వేలాడుతున్నాయి. దిగి పరుగెత్తిన తల్లి వాటిని పీకబోతే, అది కాలు వెనక్కి తీసుకుని నాన్న చేతికి ఇచ్చింది. ఆయన బురదలో మోకాళ్ల మీద కూర్చుని, గోరుతో ఒక్కొక్కటీ విడదీశాడు. రక్తం సన్నగా చీలమండ దాకా కారింది.

ఎక్కడికెళ్లావే అని అడిగాడు. ఎక్కడికీ వెళ్లలేదంది. బండి వెనకాలే ఉందట. చెప్పు పట్టీ ఊడితే పెట్టుకుంటోందట. కిటికీ సందులోంచి లెక్క వినపడిందట.

"మరి కేకెయ్యొచ్చు కదమ్మా" అన్నాడు.

"అమ్మ ఊరుకోమంది."

ఆయన భార్యకేసి చూడలేదు. చూసి ఉంటే బాగుండేది ఆవిడకి. చిన్నదాన్ని ఎత్తుకెళ్లి వెనక సీటులో దించి, ఆగి, నాలుగో అంకె మీది రెయిన్‌కోట్లు తీసి కింద పడేశాడు. ఎక్కడ కూర్చుంటావో కూర్చో అన్నాడు. అది ఐదులోనే కూర్చుంది.

తలుపులు మూశాడు. వచ్చి కూర్చున్నాడు. తాళం మీద చెయ్యి వేసి ఆగాడు. అప్పుడు కూడా లెక్క మానలేదు.

"ఒకటి" అంది అత్తగారు.

"రెండు."

"మూడు" అంది భార్య, పైకి వినపడీ వినపడకుండా. ఈసారి కళ్లు మూసుకోలేదు. వెనక్కి తిరిగి చిన్నదాన్నే చూస్తోంది. చెప్పు తల్లీ అని పెదవులతో బతిమాలింది.

రేకు మీద వాన పడుతోంది. మాస్టారు కాచుకున్నాడు.

"చెప్పమ్మా" అన్నాడు.

"అమ్మ చెప్తుందిగా" అంది చిన్నది, కిటికీలోకి చూస్తూ. "పోనివ్వండి నాన్నా."

ఆయన పోనివ్వలేదు. తాళం తిప్పకుండా, అద్దంలోకి చూడకుండా, రోడ్డుకేసే చూస్తూ అన్నాడు.

"అయితే నువ్వే చెప్పు."

ఆవిడ కూతురి మెడ వెనక తడి జుట్టుకేసి చూస్తూ "నాలుగు" అంది. చిన్నది తిరగలేదు. బండి కదిలింది.