మొదటి పోత

నేను ఒక సొరకాయ బుర్రను. కూరకు పనికిరాకుండా ముదిరిపోయిన కాయను. నాకు మాట రాదు. మాట రాకపోవడం వల్ల ఇద్దరు మనుషులకు ఆరేళ్లు వృథాగా పోయాయి. ఆ కడుపుమంటతోనే ఇదంతా చెబుతున్నాను.

కనకవ్వ ఇంటి కోళ్లగూడు మీద పాకిన తీగకు పుట్టాను. ఆమె భర్త మొగిలి గౌడ్. ఈత చెట్లెక్కి కల్లు గీసేవాడు. టౌనులో బస్ డిపో వెనక అతనికి కల్లు మండువ ఉండేది. తడికల గోడ, రేకుల కప్పు, నాలుగు బల్లలు, ఒక మూల కనకవ్వ పొయ్యి. ఆమె నన్ను తీగ మీదే ఎండనిచ్చింది. మెడ దగ్గర కోసి, గులకరాళ్లూ నీళ్లూ పోసి, చేతులు నొప్పి పుట్టేదాకా ఊపి గుజ్జంతా రాల్చింది.

అయినా నాలో చేదు ఉంటుంది. అది మా జాతి గుణం. పది రోజులు నానబెడితే అణుగుతుంది. పోదు, అణుగుతుంది అంతే. పొడిగా వదిలేస్తే మళ్లీ పైకొస్తుంది. అందుకే కనకవ్వ రోజూ మండువ కట్టేసే ముందు నన్ను కడిగి, నిండా నీళ్లు పోసి, మూలన పెట్టేది. మొగిలి పొద్దున వచ్చి ఆ నీళ్లు పారబోసి నన్ను కల్లు కుండలో, అంటే లొట్టిలో, ముంచేవాడు. ఆ నీళ్లు ఎవరు పోస్తున్నారో, ఎందుకు పోస్తున్నారో పదిహేనేళ్లలో ఒక్కనాడూ అడగలేదు. బుర్ర తనంతట తనే మంచిదనుకున్నాడు. మగవాళ్లు చాలా సంగతులు అలాగే అనుకుంటారు.

మండువలో ఒక పద్ధతి ఉండేది. లొట్టి దించగానే నాలుగు చుక్కలు గౌడుల దేవుడు కాటమయ్య పేరు చెప్పి నేల మీద చిలకరించాలి. తర్వాత మొదటి పోత వడ్ల రాజేశానికి. రాజేశం వడ్రంగి. ఆ బల్లలు అతను చేసినవే. మొగిలితో పాటు ఈత చెట్ల కింద గోలీలాడినవాడు. తాటాకు మడిచిన రేకను రెండు చేతులా నోటికి పట్టి కూర్చునేవాడు. మొగిలి నాతో పైనుంచి పోసేవాడు. తాగేవాడు తల అడ్డంగా ఊపేదాకా పోత ఆగదు. రాజేశం ఊపేవాడు కాదు.

"నీ కడుపా, మన ఊరి చెరువారా?" అనేవాడు మొగిలి.

"నీ చెయ్యి గుంజుతే చెప్పురా, నేనే ఆపుత."

ఆ తర్వాత కనకవ్వ చేసిన బోటి కూర, ఉడకబెట్టిన శనగ గుడాలు. ఇద్దరూ ఒకే ఆకులో తినేవాళ్లు. ఒకసారి నేను బల్ల మీంచి పడి పగిలితే రాజేశం సన్న రంధ్రాలు వేసి, రాగి తీగతో కుట్టి, లక్క పూశాడు. ఏడు కుట్లు. ఇప్పటికీ ఒక్కటి ఊడలేదు.

ఒక మాఘమాసంలో కనకవ్వ చెల్లెలి బిడ్డ పెళ్లి వచ్చింది. మండువ మూసి వెళ్లారు. నన్ను దూలానికి తగిలించారు. మూడు రోజులు ఎండిపోయాను. నాలుగో రోజు మొగిలి ఒక్కడే వచ్చాడు. కనకవ్వ పెళ్లివారింట్లో ఇంకో రోజు ఆగింది. మొగిలి నన్ను తీసి, దుమ్ము దులిపి, తిన్నగా లొట్టిలో ముంచాడు. నేను అరవాలనుకున్నాను. నోరుంది, మాట లేదు.

కాటమయ్యకు నాలుగు చుక్కలు పడ్డాయి. ఆయన ఏమీ అనలేదు. మొదటి పోత రాజేశానికి.

అతను ఒక్క గుక్క తాగి ఉమ్మేశాడు. మండువ నిండా జనం.

"ఏం కలిపినవ్ రా మొగిలీ? గింత చేదేంది?"

గీసేవాణ్ణి ఎన్నైనా తిట్టవచ్చు. కల్లులో మందు కలిపావని మాత్రం అనకూడదు. మొగిలి మొహం నల్లబడింది. నన్ను బల్ల మీద పెట్టి, లొట్టి ఎత్తి తను తాగాడు. పక్కవాళ్లకు లొట్టితోనే పోశాడు. అందరూ తియ్యగా ఉందన్నారు. నిజమే, లొట్టిలోది తియ్యగానే ఉంది.

"రాజేశం నాలిక మీద తుమ్మ జిగురు అంటింది" అని ఎవడో నవ్వాడు.

"నేను అబద్ధమాడుతున్ననా?" అన్నాడు రాజేశం.

"మరి నేను మందు కలుపుతున్ననా? లేవ్. మళ్ల నా మండువల అడుగు వెట్టకు."

రాజేశం రేకను నేలకేసి కొట్టి పోయాడు. ఇద్దరిలో ఎవరూ అబద్ధమాడలేదు. తప్పు నాది. నన్ను ఒక్కసారి నాకి చూస్తే తెలిసేది. ఒక్కరూ చూడలేదు. మర్నాడు కనకవ్వ వచ్చి, యథాప్రకారం నాలో నీళ్లు పోసింది. ఆమెకు గొడవ సంగతి చెప్పారు గానీ బుర్ర సంగతి ఎవరు చెబుతారు?

నాలుగేళ్లకు మొగిలి మోకాళ్లు చెట్టెక్కనన్నాయి. మండువ మూతపడింది. టౌను చివర, పెట్రోలు బంకు పక్కన, బీరు అక్కడే కాచి పోసే కొత్త హోటల్ వెలిసింది. బ్రూపబ్ అంటారట. కనకవ్వ అందులో వంటకు కుదిరింది. గోడలకు పాత సామాన్లు కావాలని వాళ్లు అడిగితే నన్ను ఇచ్చింది. వాళ్లు నా పైన వార్నిష్ పూసి, కుట్లు వికారంగా ఉన్నాయని గోడవైపు తిప్పి, మేకుకు తగిలించారు. పక్కన ఒక పగిలిన లాంతరు. జనం నా కింద నిలబడి ఫోటోలు దిగేవాళ్లు. నాతో ఒక్క చుక్క పోసినవాడు లేడు.

ఇంతకంటే మండే సంగతి ఇంకొకటి ఉంది. రాజేశం ప్రతి ఆదివారం మధ్యాహ్నం అక్కడికే వచ్చేవాడు. సరిగ్గా నా కింది బల్ల దగ్గరే కూర్చునేవాడు. బోటి కూర తెప్పించుకునేవాడు. వండింది ఎవరో అతనికి తెలుసు. తినేది ఎవరో కనకవ్వకూ తెలుసు. గరిటెడు ఎక్కువే పంపేది. ఆమె వంటింట్లోంచి బయటికి రాదు. అతను అడగడు. బీరు సగం తాగి, మొహం చిట్లించి వదిలేసేవాడు. నేను పైన కుట్లు గోడకానించుకుని వేలాడేదాన్ని. రెండేళ్లు.

మొన్న దీపావళికి గోడలకు సున్నం వేశారు. సామాన్లన్నీ దించి మళ్లీ తగిలించారు. ఈసారి కుట్లు బయటికి కనిపించేలా నన్ను తిప్పి పెట్టారు. ఆదివారం రాజేశం వచ్చి కూర్చుని, తలెత్తాడు. ముద్ద నోట్లోనే ఉంది. లేచి కుర్చీ ఎక్కి, ఏడు కుట్లూ వేలితో తడిమి, నన్ను దించేశాడు.

"తాతా, అది డెకరేషన్! ముట్టుకోవద్దు" అని మేనేజర్ పరుగెత్తుకొచ్చాడు.

"దీన్ని కుట్టింది నేనయ్యా" అంటూ రాజేశం తన బీరు నాలో పోసుకుని తాగాడు. మొహం చిట్లించాడు. "దీంట్ల పోసినా గంతే చేదు."

ఓరి రాజేశం! బీరు సహజంగానే చేదు. ఆరేళ్ల నిజం నీ నాలిక మీదికొచ్చి బీరులో కలిసిపోయింది. నీళ్లు పొయ్యరా, నీళ్లు! అని లోలోపల తల బాదుకున్నాను.

అరుపులకు కనకవ్వ చేతిలో గరిటెతో బయటికొచ్చింది. నన్ను చూడగానే అలవాటు కొద్దీ కసిరింది.

"ఎండిన బుర్రల పోసుకుంటరా అన్నా? నానవెట్టకుంటె చేదెక్కదా?"

అనేసి ఆగిపోయింది. రాజేశం ఆమె వైపు తిరిగాడు.

"చెల్లె, ఆ పెండ్లికి ఎన్ని దినాలు వొయిండ్రు?"

"మూడు దినాలు." ఆమె వేళ్లు లెక్కపెట్టింది. "నేను ఇంకొక్క దినం ఆగిన. ఆయనొక్కడే వచ్చి మండువ తెరిచిండు."

ఆమె నన్ను కడిగి, మంచినీళ్లు పోసి ఇచ్చింది. రాజేశం గుక్కెడు తాగి కళ్లు మూసుకున్నాడు.

"గిదే" అన్నాడు. "గిదే చేదు."

మేనేజర్‌కు ఏమీ అర్థం కాలేదు. "అవ్వా, గోడ మీద మేకు ఖాళీగా కనిపిస్తుంది" అన్నాడు. కనకవ్వ ఆ మేకుకు తన గరిటె తగిలించింది.

వాళ్లిద్దరూ నన్ను పట్టుకుని ఇంటికెళ్లేసరికి మొగిలి అరుగు మీద మోకాళ్లకు ఆవనూనె రాసుకుంటున్నాడు. రాజేశాన్ని చూసి మొహం తిప్పుకున్నాడు. రాజేశం అరుగు పక్కనున్న నీళ్ల కుండలోంచి నన్ను నింపి, అతని ముందు నిలబడ్డాడు.

"దోసిలి వట్టు. మొదటి పోత."

ఏమనుకున్నాడో, మొగిలి పట్టాడు. మొదటి గుక్కకే మొహం ముడుచుకుంది. నాలోకి చూశాడు. వెనక నిలబడ్డ కనకవ్వను చూశాడు. రాజేశాన్ని చూశాడు. అతనికి తెలిసిపోయింది. తల ఊపి ఆపొచ్చు. ఊపలేదు. రాజేశం పోస్తూనే ఉన్నాడు. చివరి చుక్క దాకా, ఆ చేదంతా తాగాడు.

"చేదున్నదా?" అన్నాడు రాజేశం.

"ఉన్నది."

ఒక్క చెంబు నీళ్లతో తేలేదానికి ఆరేళ్లు పట్టిందని ఇద్దరిలో ఒక్కడూ అనలేదు. నాకే కడుపు రగిలిపోతోంది.

కనకవ్వ నన్ను కడిగి, నిండా నీళ్లు పోసి మూలన పెట్టింది. పదకొండో రోజు పక్క ఊరి గౌడు దగ్గర్నుంచి లొట్టి తెప్పిస్తారట. నానుతున్నాను. ఈ పది రోజుల్లో ఎవరింట్లోనూ పెళ్లి లేకపోతే అదే చాలు.